పలకకు పెట్టిన బొట్టు

"పనిముట్టంటే పనిముట్టే సార్. అందులో ఇనుపదేటి, పిలాస్టిక్‌దేటి?"

మేనేజరు రఘువీర్ గారికి ఎదురు నిలబడి సూర్యం ఆ మాటనేసరికి, గేటు బయట ఇడ్లీ బండి దగ్గరున్న పోలమ్మ గరిటె ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. సూర్యం ఆమెను 'అప్పా' అని పిలిచే తమ్ముడు. తల్లి పోయాక ఇడ్లీలమ్మి పెంచిన తమ్ముడు. వాడు పై అధికారితో మాటకు మాట అనడం ఆమె అదే మొదటిసారి చూడటం.

తెలుగువాళ్ళు వలసొచ్చి బతికే ఉత్తరాది ఊరు ఆదిత్యపూర్‌లో లారీలకు బ్రేకు డ్రమ్ములు పోతపోసే చిన్న కార్ఖానా అది. మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు ఈ ఊళ్ళో సుత్తి దగ్గర్నుంచి క్రేను దాకా దేన్నీ పనిలో పెట్టరు. కడిగి, తుడిచి, నూనె రాసి, బొట్టు పెట్టి వరసగా కూర్చోబెడతారు. రిక్షావాడు రిక్షాకు దండ వేస్తాడు, దర్జీ కుట్టుమిషనుకు వేస్తాడు. తగువు వచ్చింది మాత్రం సూర్యం చేతిలో ఉన్న కొత్త పలక కంప్యూటర్ గురించి.

"అది ఎలక్ట్రానిక్ వస్తువు సూర్యం. పూజలో పెట్టొద్దు. బీరువాలో ఉంటుంది" అన్నారు రఘువీర్ గారు.

"నా సుత్తికి బొట్టెట్టి, నా కొలబద్దకి బొట్టెట్టి, రోజంతా మోసీ దీన్ని బీరువాలో పడేత్తే, రేపు నా మాటింటాదా సార్?"

"అది నీ మాట వినదయ్యా. సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు వింటుంది."

"మరి తమరు కొత్త కారు కొన్నప్పుడు సక్రాల కింద నిమ్మకాయలెట్టింది నానే కదా? ఆ కార్లో ఎలక్ట్రానిక్ నేదా సార్?"

గేటు దగ్గర గుమిగూడిన వాళ్ళంతా ఘొల్లుమన్నారు. "సహీ బాత్ హై సాహబ్!" అని క్రేను నడిపేవాడు సూర్యానికి వత్తాసుగా కేక వేశాడు. రఘువీర్ గారికీ నవ్వు ఆగలేదు. నవ్వాక ఇంక కాదనడానికి మొహం చెల్లలేదు.

"సరే, పెట్టుకో. కానీ బొట్టు ఒక్కటే, అదీ వెనక మూత మీద. నీళ్ళూ కొబ్బరికాయా దాని దరిదాపులకి రాకూడదు. మాట ఇస్తావా?"

"మాటే సార్."

అలా నెగ్గాడు. ఆ సాయంత్రం పోలమ్మ బండి దగ్గర ఎవరు ఆగినా, చట్నీ కంటే ముందు ఆ సంగతే వడ్డించింది.

ఆ పలక వచ్చింది ఆ వేసవిలోనే. అంతకుముందు సూర్యం డ్రమ్ములు కొలిచి కాగితం మీద రాసుకొస్తే, ఆఫీసులో శ్వేత అనే పిల్ల కంప్యూటర్‌లో ఎక్కించేది. ఇప్పుడు ఆ కంప్యూటరే వాడి చంకలోకి వచ్చింది. మీటలు లేవు, తీగ లేదు. బల్లమీద పెద్ద పెట్టెలో ఉండే విండోస్ అంతా ఈ అద్దం వెనకే ఉందని, ప్లాస్టిక్ పుల్లతో రాస్తే అంకెలు వాటంతట అవే అచ్చులోకి మారతాయని శ్వేత నేర్పింది. మొదట్లో ఆ పుల్లను కాలే పెనం మీద పెడుతున్నట్టు పెట్టేవాడు. నెల తిరిగేసరికి, కొళాయి దగ్గర చెయ్యి కడుక్కోకుండా దాన్ని ముట్టుకోని మనిషైపోయాడు.

ఒకసారి బండి దగ్గరికి తెచ్చి, దాని మీద 'పోలమ్మ' అని తెలుగులో రాసి చూపించాడు.

"మా వూరి బడి పలక్కీ దీనికీ తేడా ఏటిరా?" అంది పోలమ్మ. ఆమె బడికి వెళ్ళింది ఒక్క ఏడు. అయినా తన పేరు గుర్తుపట్టగలదు.

"ఇది వూపిరి తీత్తాది అప్పా. ఇలా సెయ్యెట్టు." అంచున ఉన్న సన్నటి చీలికల్లోంచి వెచ్చటి గాలి వచ్చి ఆమె వేళ్ళకు తగిలింది. "పని ఎక్కువైతే జెరమొచ్చిన పిల్లలాగ కాలిపోతాది."

పోలమ్మ మూతి తిప్పింది గాని, తన పేరు అద్దంలో వెలిగిన సంగతి బస్తీలో తెలియని గుమ్మం లేదు.

పూజ బాగా జరిగిందన్నారు. పలకను చిన్న స్టాండు మీద నిలబెట్టి, అందులో విశ్వకర్మ బొమ్మ వెలిగేట్టు శ్వేత పెట్టిందట. పటం కట్టించినట్టే ఉందట. ఆ మర్నాడు పలక వెలగలేదు. బిష్టుపూర్ నుంచి రిపేరు చేసేవాణ్ణి పిలిపించారు. వాడు మూత విప్పి, లోపల వేలు పెట్టి, జిగటగా ఉందన్నాడు. ఏవో తియ్యటి నీళ్ళు పోయాయి, లోపలి బోర్డు కాలిపోయింది, ఇది ఇంక లేవదు అన్నాడు.

తియ్యటి నీళ్ళు అనగానే అందరి కళ్ళూ చిన్నమ్మి మీదకు వెళ్ళాయి. ఆఫీసు గదులు తుడిచే మనిషి. పూజనాడు పళ్ళెంలో షర్బత్ గ్లాసులు పెట్టుకుని అటూ ఇటూ తిరిగింది ఆమే. "నాను దాని కాడికే ఎల్నేదు బావూ" అని ఆమె ఏడుస్తూనే ఉంది. రఘువీర్ గారు మంచివారే. అరవలేదు, తిట్టలేదు. రేపటినుంచి రావద్దని మాత్రం అన్నారు. సూర్యం వైపు తిరిగి, "నీ మీద నాకు అనుమానం లేదయ్యా. ఇచ్చిన మాట తప్పే మనిషివి కావు" అని భుజం తట్టారు.

అప్పటినుంచీ సూర్యం తీరు మారింది. గేటు ముందునుంచి కాకుండా వెనక సందులోంచి పనికి పోయేవాడు. చిన్నమ్మి ఇల్లున్న వీధి వదిలేసి, డ్రైను పక్కనుంచి చుట్టు తిరిగి ఇంటికి వచ్చేవాడు. పళ్ళెంలో అన్నం పెడితే కెలికి లేచిపోయేవాడు. పలక పోయిన బెంగ అనుకుంది పోలమ్మ. మనిషి పోయినట్టు ఈ ఏడుపేమిటని ఒకటి రెండుసార్లు దులిపింది కూడా.

ఆదివారం మధ్యాహ్నం, బండి కడుగుతుంటే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పోలమ్మ టీ ఇచ్చి, వాడికి ఊరట కలగాలని చిన్నమ్మిని తిట్టడం అందుకుంది.

"దాని సేతులిరగా! పొద్దున్న దుర్గాప్రసాద్ కొట్టుకాడ కనపడింది. నాను సెయ్యనేదు అప్పా అంటాది. మరెవులు సేసినారే, ఇశ్వకరమ వొచ్చి తాగించీసినాడా అని నలుగురి ముందరా కడిగీసినాను. మాటాడితే ఒట్టు. కొంగు నోట్లో కుక్కుకుని ఎల్లిపోనాది."

సూర్యం టీ గ్లాసు కింద పెట్టాడు.

"నానే అప్పా."

"ఏటి నువ్వే?"

"నీల్లు పోసింది నానే."

పోలమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, తోముతున్న ఇడ్లీ కుక్కరు పక్కకు నెట్టి వాడి ఎదురుగా వచ్చి కూర్చుంది.

వాడు నేల చూస్తూ చెప్పాడు. హారతి అయ్యాక అందరూ కిచిడీ తినడానికి పోయారు. సామాన్లు సర్దడానికి వాడొక్కడే మిగిలాడు. సుత్తులకూ, కొలబద్దలకూ, ఆఖరికి చెత్త ఎత్తే పారకు కూడా కొబ్బరినీళ్ళు చిలకరించి ఉన్నాయి. పలక ఒక్కటే పొడిగా నిలబడి ఉంది, బయటివాళ్ళ బిడ్డను పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించకుండా వదిలేసినట్టు. నెగ్గింది సగమే కదా అనిపించింది. ఇచ్చిన మాట గుర్తుంది. గుర్తుండి కూడా వేళ్ళు కొబ్బరిచిప్పలోని నీళ్ళలో ముంచాడు. రెండు చుక్కలు అద్దం మీద పడితే దేవుడి మొహం ఇంకా మెరిసింది. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కదా అని చిప్ప వంచాడు. నీళ్ళు అంచునున్న చీలికల్లోకి జారాయి. దేవుడు రెండుసార్లు వణికి నల్లబడిపోయాడు.

"తువ్వాలుతో తుడిసినాను. వొంచితే సీలికల్లోంచి కారతన్నాయి అప్పా, ముక్కులోంచి కారినట్టు. సంచీలో ఎట్టీసి, బీరువాలో దాసీసి, ఎల్లి కిచిడీ తిన్నాను. అందరితో పాటే నవ్వినాను కూడా."

"సారు దాన్ని పొమ్మన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావా?"

"పక్కనే ఉన్నాను."

"నోరు పడిపోనాదా?"

"నాను మాట తప్పనని బుజం తట్టినాడు. ఆ సెయ్యి తీసీదాకా ఆగుదామనుకున్నాను. తీసీసరికి సిన్నమ్మి గేటు దాటీసింది."

పోలమ్మకు తిట్లు కొరతపడ్డ రోజు ఆమె బతుకులో లేదు. ఆ రోజు నోటి దాకా వచ్చినవన్నీ వెనక్కి పోయాయి. వీణ్ణి తిడదామంటే, పొద్దున్న కొట్టు దగ్గర చిన్నమ్మిని తిట్టిన మాటలే మళ్ళీ కావలసి వచ్చాయి. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. తెలిసినవాడెవడో సైకిలు మీదనుంచి, "క్యా సూర్యం భాయ్, మేనేజర్‌కో ఫిర్ హరాయా?" అని, మళ్ళీ ఓడించావా అన్నట్టు నవ్వుతూ పోయాడు. సూర్యం తలెత్తలేదు. మెడ మాత్రం ఎర్రబడింది. చిన్నప్పుడు అబద్ధం దొరికినా వాడికి మెడే ఎర్రబడేది.

"ఇప్పుడేటి సేత్తావు?" అంది చివరికి.

"నువ్వు నాకో పని సేసెట్టాల."

"సెప్పు."

"రేపు షిఫ్టు మారీ యేలకి సిన్నమ్మిని గేటు కాడికి తోలుకురా. నాను పిలిత్తే రాదు. ఆ గుమ్మంలోకెల్లి దాని మొకం సూసీ దమ్ము నాకు నేదు. సారుతో ఏ కాడ నెగ్గినానో ఆ కాడే, ఆ మందందరి ముందరే సెప్తాను."

"తోలుకొత్తాను. ముందు దాని కాల్లట్టుకుని మరీ తోలుకొత్తాను. కానీ ఒరే, ఆ సారు నిన్ను పదిమందిలో ఒక్క మాటంటే మాత్రం నానూరుకోను. నా తమ్ముణ్ణి..."

"అదే అప్పా నానడిగీది" అన్నాడు సూర్యం. "సారు పనిలోంచి తీసీనా, సిన్నమ్మి నా మొకం మీద ఉమ్మినా, నువ్వు నా పక్కనే నిలబడు. నోరు మాత్రం ఇప్పకు."