కెల్లి వారి వరస

కొత్త మనిషి కనిపిస్తే చాలు, మా చిన్నాన్న మొదట అడిగేది "మీ ఇంటిపేరేటి?" అనే. మా ఇంటిపేరు కెల్లి. ఐర్లాండులోనూ కెల్లీలు ఉన్నారని టీవీలో విన్నప్పటి నుంచి మా ఊరు బాగన్ దాతుక్‌లోని కాఫీ దుకాణంలో ఆయన అందరికీ ఒకటే మాట చెప్పేవాడు.

"ఆళ్ళు మనోళ్ళే లా! శ్రీకాకుళంలో ఓడలెక్కినారు. మన తాతలు కొబ్బరి తోటలకి ఇటొచ్చినారు, ఆళ్ళ తాతలు అటెళ్ళినారు."

అందరూ నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

నిరుడు, సైబర్‌జయ నగరంలో ఉద్యోగం చేసే ఆయన కూతురు, అంటే మా చెల్లి, తన ఆఫీసులోని ఐర్లాండు అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని ఇంటికి తీసుకొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. చిన్నాన్న అలవాటు కొద్దీ ఇంటిపేరు అడిగాడు.

"కెల్లీ" అన్నాడతను సంతోషంగా.

చిన్నాన్న మొహం వాడిపోయింది. "ఒకే ఇంటిపేరు! అన్నాసెల్లెళ్ళ వరస! ఈ పెళ్లి నేనెలా సేస్తాను?"

"నాన్నా, ఆ ఓడల కథ నువ్వు కల్పించిందే కదా!" అని చెల్లి ఏడ్చింది. ఊరంతటికీ చెప్పిన మాట అబద్ధమని ఆయన ఒప్పుకోలేడు, కూతురి ఏడుపూ చూడలేడు. తల పట్టుకుని కూర్చున్నాడు.

సంగతి తెలుసుకున్న అబ్బాయి మెల్లగా చెప్పాడు. "మా అసలు పేరు కెల్లీ కాదండీ. మా పాత భాషలో 'ఓ-క్యాలీ' అంటారు. ఇంగ్లీషువాళ్ళు రాయడంలో మారిపోయింది." చెల్లి కళ్ళు తుడుచుకుంటూ దాన్ని తెలుగులో వినిపించింది.

చిన్నాన్న దిగ్గున లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒక దేశమంత చుట్టరికం ఆ క్షణంలోనే వదిలేశాడు.

"ఆ ముక్క ముందే సెప్పొద్దేటి, అల్లుడుగారూ!"