సూరయ్యగారి పూచీ

కోనసీమ చరిత్ర రాసినవాళ్ళు వరదల గురించి రాశారు, తుఫాన్ల గురించి రాశారు. అంబాజీపేట సూరయ్యగారు “నేనున్నానుగా అండీ” అనడం ఏనాడు మొదలెట్టారో మాత్రం ఒక్కరూ రాయలేదు. ఇది పూడ్చరాని లోటు. దొరికిన ఆధారాలనుబట్టి, ఆ మాట మొట్టమొదట ఒక శ్రావణమాసం పొద్దున్న, కొబ్బరికాయల లారీ పక్కన వెలువడింది. కాయ లేతదేమోనని పై రాష్ట్రం డ్రైవరు నసుగుతున్నాడు. అప్పటికి పాతికేళ్ళ సూరయ్య ఒక కాయ తీసి, చెవి దగ్గర ఊపి, లోపలి నీళ్ళ చప్పుడు విని, “మీకెందుకండీ, నేనున్నానుగా” అన్నాడు. లారీ కదిలింది. ఒక సంప్రదాయం పుట్టింది.

ఆ తరవాత నలభై ఏళ్ళపాటు ఆయన కాయలు ఏరే పనిలోనే ఉన్నారు. ఆ మాట మాత్రం కాయల దగ్గర ఆగలేదు. పెళ్ళివారికి షామియానా ఇవ్వడానికి తటపటాయించేవాడికీ, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇల్లు అద్దెకివ్వని వాళ్ళకీ, ఆపరేషన్ అంటే భయపడే గేదె యజమానికీ, అందరికీ ఆయన ఉన్నారు. గేదె బతికింది కూడా.

ఒక్కచోట మాత్రం సంప్రదాయం బెడిసికొట్టింది. పాతికేళ్ళ కిందట ఒక స్నేహితుడు ఎండుకొబ్బరి వ్యాపారం పెడుతూ, “పేరుకే బావా, నువ్వు కొట్టు మొహం కూడా చూడక్కర్లేదు” అని ఆయన్ని భాగస్వామిగా రాయించుకున్నాడు. సూరయ్యగారు మాట నిలబెట్టుకుని కొట్టు మొహం చూడలేదు. కొట్టు మునిగాక అప్పులవాళ్ళే ఆయన మొహం చూడ్డానికి వచ్చారు. తండ్రి ఇచ్చిన ఇల్లు పోయింది. సామాను రిక్షాకెక్కిస్తున్నప్పుడు ఆయన భార్య భవానీదేవి పల్లెత్తు మాట అనలేదు. “ఆ కుంపటి జాగ్రత్తండీ, కాలు ఊడుతోంది,” అంది, అంతే. పన్నెండేళ్ళు అద్దెకున్నాక మళ్ళీ రెండు గదుల ఇల్లు సమకూరింది. ఆ ఇంటి గోడకి చెయ్యి ఆనించకుండా సూరయ్యగారు రాత్రి నిద్రపోరు.

పోయినేడు ఆయన తమ్ముడి కొడుకు దొరబాబు వచ్చాడు. భార్య సత్యదుర్గతో కలిసి కొబ్బరినూనె మిల్లు పెడుతున్నాడట. మూడు లక్షలు తక్కువయ్యాయి.

“అప్పు కాదండి పెదనాన్నగారూ, వాటా ఇస్తాం. పొద్దున్నే వచ్చి కాయ చూసి పెడితే చాలు.”

“దానికేం నాన్నా, నేను...”

భవానీదేవి మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చింది. “ముందిది తాగండి.” మాట మజ్జిగతో పాటు కిందికి దిగింది. ఆవిడ దొరబాబు వైపు తిరిగింది. “డబ్బు ఇవ్వద్దనను నాన్నా. మళ్ళీ ఇంటిమీదకి రాకుండా ఉండే కాగితం ఏదైనా ఉందా అని అడుగుతున్నాను.”

“ఉందంటున్నారు దొడ్డమ్మా. అమలాపురం వెళ్దాం.”

అమలాపురంలో ఆడిటరు ప్రసన్నకుమారిగారు ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. సూరయ్యగారు కుర్చీ అంచున కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న, “మా ఇంటికేమీ అవదు కదండీ?”

“అవదండి. పాతరకం భాగస్వామ్యంలో వ్యాపారం మునిగితే అప్పులవాళ్ళు ప్రతి భాగస్వామి వంటింటిదాకా వస్తారు. పేరుకి ఉన్నవాణ్ణి కూడా వదలరు.”

“వచ్చేరండి,” అంది భవానీదేవి.

“ఇది ఎల్‌ఎల్‌పీ అండీ, పరిమిత బాధ్యత భాగస్వామ్యం. చట్టం దృష్టిలో సంస్థ వేరు, మీరు వేరు. మిల్లు పోతే మీరు పెట్టిన మూడు లక్షలూ పోతాయి. నాలుగో లక్ష కోసం మీ గుమ్మం ఎవరూ ఎక్కరు, మీరు మోసం చేస్తే తప్ప.”

“మరి నేను కాయ చూడొచ్చాండీ?”

“చూడొచ్చు, సలహా చెప్పొచ్చు. కొన్ని దేశాల్లో ఇంకో రకం ఉందండి. ఒకాయన వ్యాపారం నడిపి అప్పులన్నీ నెత్తినేసుకుంటాడు. మిగతావాళ్ళు డబ్బుపెట్టి నోరు మూసుకుని కూర్చోవాలి. పెత్తనానికి దిగితే వాళ్ళకున్న రక్షణ పోవచ్చు.”

భవానీదేవి మొహం వెలిగింది. “నోరు మూసుకోవాలని చట్టంలోనే ఉందాండీ? అది మనకి లేదా?”

“లేదండి.”

“అలాగా,” అంది ఆవిడ, దిగులుగా.

“ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి,” అన్నారు ప్రసన్నకుమారిగారు. “సంస్థ చేసే అప్పుకి ‘నేను పూచీ’ అని మీరు విడిగా సంతకం పెట్టేరో, ఈ రక్షణ ఆ అప్పుకి పనికిరాదు. అప్పుడు మీ సొంత ఆస్తి మీదకే వస్తారు.”

అందరూ సూరయ్యగారి వంక చూశారు. ఆయన ఫ్యాను వంక చూశారు.

మిల్లు నడిచింది. ఎనిమిదో నెలలో కొబ్బరి ఆరబెట్టే యంత్రానికి బ్యాంకు అప్పు కావలసొచ్చింది. దొరబాబూ సత్యదుర్గా పూచీ కాగితాల మీద సంతకాలు పెట్టారు. మూడో కాగితం సూరయ్యగారి ముందుకొచ్చింది.

“పెదనాన్నగారిది వద్దండి,” అన్నాడు దొరబాబు.

బ్యాంకు అధికారి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు నవ్వారు. “భలేవారే! సూరయ్యగారి మాట మీద లారీలు కదుల్తాయని విన్నాను. ఆయన సంతకం పడితే ఇవాళే ఫైలు పైకి పంపేస్తాను.”

నలభై ఏళ్ళ చరిత్ర పెన్ను మూత తీసింది. సూరయ్యగారు కాగితాన్ని చూశారు, దొరబాబుని చూశారు, గోడవార బల్లమీద ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్న భార్యని చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపలేదు, కళ్ళతో సైగ చెయ్యలేదు. సంచీ తాడుకి పడ్డ ముడి విప్పుకుంటోంది.

“నేను లేనండి,” అన్నారాయన.

“ఎందులో లేరండీ?”

“ఈ పూచీలో. మూడు లక్షల్లో ఉన్నాను. కాయ దగ్గర పొద్దున్న ఆరింటికల్లా ఉంటాను. ఇందులో మాత్రం లేనండి. ఏవనుకోకండి.”

పెన్ను మూత పెట్టబోతే జారి కింద పడింది. దొరబాబు వంగి తీశాడు. “మంచిపని చేసేరండి,” అన్నాడు మెల్లిగా. సూరయ్యగారు వాడి మొహం చూడలేకపోయారు. బ్యాంకువారు చివరికి ఆ ఇద్దరి సంతకాలతోనే, యంత్రాన్ని తాకట్టు రాయించుకుని, పదిరోజులు ఆలస్యంగా అప్పిచ్చారు.

మెట్లు దిగుతూ ఆయన, “కుర్రాడు ఆశగా చూసేడే,” అన్నారు.

“లేదండీ. వాడూ వద్దనే అన్నాడు. మెట్టు చూసుకోండి,” అని భవానీదేవి ఆయన చెయ్యి పట్టుకుంది. మెట్లు అయిపోయినా వదల్లేదు. నలుగురిలో అలా చెయ్యి పట్టుకోవడం వాళ్ళ కాపురంలో అదే మొదలు. ఆయన సిగ్గుపడి అటూ ఇటూ చూశారు గాని, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆటో సగం దారి దాటేసరికి ఆయన తేరుకున్నారు. “మొత్తానికి ఇల్లు నిలబెట్టేనే,” అన్నారు. ఆటోవాడికీ చెప్పారు. వీధిలో దిగాక పక్కింటివాళ్ళకీ, ఎదురింటివాళ్ళకీ చెప్పారు. చెప్పినప్పుడల్లా బ్యాంకు అధికారి ఇంకాస్త కోపిష్టివాడయ్యాడు, కాగితం ఇంకాస్త పొడుగయ్యింది.

“ఆయ్, ఆయనే నిలబెట్టేరండి,” అంది భవానీదేవి, అందరితోనూ.

ఆ ఇల్లు కొన్ననాడు సూరయ్యగారు లారీ లోడింగులో ఉంటే, రిజిస్ట్రారు ఆఫీసుకి ఆవిడొక్కతే వెళ్ళొచ్చింది. ఇల్లు మొదట్నుంచీ ఆవిడ పేరునే ఉంది.