మూడు ప్లస్సులు, మూడు మైనస్సులు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ గడ్డ మీద నేను చేసిన పోరాటం గురించి మహాకావ్యం చెప్పబోతున్నాను. చెప్పబోతున్నానన్నానే గానీ, అది పోరాటం కాదు, సినిమా రివ్యూ. (కావ్యమూ కాదు, ఇద్దరు పోలీసులు, ఒక దొంగ, నాలుగు పాటలు.) డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. మా పెదనాన్న చీరల షాపు పైఅంతస్తులో రెండు కుర్చీల సినిమా వెబ్‌సైట్ ఒకటుండేది. రివ్యూ నచ్చితే అక్కడ ఉద్యోగం, లేదంటే సోమవారం నుంచి కింద పోచంపల్లి చీరలు మడతపెట్టడం. నా రెండు భవిష్యత్తులకూ మధ్య మెట్లే అడ్డం.

"మూడు ప్లస్సులు, మూడు మైనస్సులు. రేటింగ్ రెండున్నర పొద్దున్నే వేసేశానండీ, మీరు కారణాలు రాస్తే చాలు," అన్నారు ఎడిటర్ గారు. (వారిది గోదావరి వైపు, తిట్టినా 'అండీ' ఉంటుంది.)

పోలీసుల సంగతి తెలిసిన మనిషి పక్కనుంటే మంచిదని, ట్రాఫిక్ కానిస్టేబుల్ అయిన మా మేనమామను ఎల్బీనగర్‌లో హాలుకు తీసుకెళ్లాను. ఛేజింగ్‌కు హాలంతా పడిపడి నవ్వుతుంటే మామ ఒక్కడే పరేషాన్. "అరే, రాంగ్ రూట్ల పోతున్నడు, ఎవ్వడు ఆపడేంది రా!" ఇంటర్వెల్‌కు నాకు దొరికిన ప్లస్సులు రెండే: జోడీ టైమింగ్, స్టేషన్ కుక్క. మైనస్సులూ రెండు: దొంగెవరో మొదట్లోనే తెలిసిపోవడం, పాటలు. రెండో సగంలో బండి ఎవరు నడపాలన్న దగ్గర పోలీసులిద్దరూ విడిపోయి, ఎవరి టిఫిన్ డబ్బా వాళ్లు తెరిచారు. ఆ సీను ఎంతకీ అవదు. 'సాగదీత' అని మూడో మైనస్ కొట్టి పక్కకు చూస్తే, మామ కర్చీఫ్‌తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఏమైంది మామా?"

"ఏం లేదు రా. నాతోని డ్యూటీ జేసే మా లంబుగాన్ని పెద్ద అంబర్‌పేట్‌కు ట్రాన్స్‌ఫర్ జేసిన్రు గద. పదేండ్లు ఒక్క డబ్బల తిన్నం. గిప్పుడు మామిడికాయ తొక్కు ఎవనికి పెట్టాలె?"

సాగదీతను చెరిపి ఆ సీనును ప్లస్సుల్లోకి మార్చాను. తగ్గిన మైనస్‌ను మామే ఇచ్చాడు: "ఇద్దరు పోలీసోళ్లు గంతసేపు తిరిగిన్రు, ఒక్క కాయితం గూడ రాయలే."

"ఊరంతా సాగిందంటుంటే మీరు ఏడిపించిందంటారేంటండీ? ఎవరేడ్చారు?" అన్నారు ఎడిటర్.

"ట్రాఫిక్ కానిస్టేబుల్, సార్."

ఆయన కీబోర్డు ముందుకు లాక్కున్నారు. "వాళ్లే ఏడ్చారంటే పావు పెంచాలండీ." ఉద్యోగం వచ్చింది.

పావు రేటింగ్‌తో తెలుగు సినిమాను కాపాడాననుకుని ఆ రోజు మెట్లు దిగిన కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ ముద్దొస్తాడు. ఆ రివ్యూ చదివి కదిలింది ఇద్దరే: మామ, లంబు. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరికి వెళ్లేసరికి హాల్లో సినిమా ఎత్తేశారు. పార్కింగ్‌లోనే బండి మీద డబ్బా పెట్టుకుని తిన్నారట.

తొక్కులో ఉప్పు ఎక్కువైందట.