పిల్లికి రెండు సూదులు

మా పిల్లికి షుగరు ఉందని ముందు కనిపెట్టింది చీమలు. బాత్రూము మూలలో అది ఉచ్చపోసిన చోటల్లా నల్లచీమలు బారులు కట్టాయి. అంతకు ముందు నెల రోజులుగా అది బకెట్లో తల పెట్టి నీళ్లు తాగుతూనే ఉంది. తింటూనే చిక్కిపోతూ ఉంది. ఎండల వల్ల అనుకున్నాను. వెనక కాళ్లు మడమల దాకా నేలకానించి ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టాక గానీ నాకు భయం పుట్టలేదు. అప్పుడు బుట్టలో పెట్టుకుని ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కాను.

నంద్యాల డాక్టరు దాని చెవి అంచున సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తం మిషన్లో పెట్టి చూశాడు. నాలుగు వందలు దాటింది. మనుషులకు వేసే ఇన్సులినే పొద్దున రెండు యూనిట్లు, సాయంత్రం రెండు యూనిట్లు వేయమన్నాడు. అది కూడా తిండి తిన్నాకే.

"పాలన్నం, బిస్కెట్లు ఇంక బంద్. ఉడకబెట్టిన కోడిమాంసం, చేప, గుడ్డు. అంతే," అన్నాడు. "ఒక పూట సూది తప్పితే ఏం కాదు. ఎక్కువైతే మాత్రం ప్రాణానికే వస్తాది. వేసినామా లేదా అని అనుమానం వస్తే వేయొద్దు."

నేను ఆళ్లగడ్డలో టీచరుని. మా ఆయన నంద్యాలలో ఒక విత్తనాల గోడౌన్లో పని చేస్తాడు, రోజూ బస్సులో వెళ్లి వస్తాడు. మా మేనత్త కొడుకే కాబట్టి చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తాను. పెళ్లయి పద్నాలుగేళ్లు. పిల్లల్లేరు.

సూది వేయడం ముందు బావే నేర్చుకున్నాడు. నాకు సూది చూస్తేనే భయం. ఆయన మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా ఎత్తి, పిల్లి తింటూ ఉండగానే వేసేసేవాడు. దానికి తెలిసేది కూడా కాదు. తర్వాత నాకూ నేర్పించాడు. పొద్దున సూది ఆయనది, సాయంత్రం సూది నాది. షుగరు కొలవడానికి మాత్రం ఇద్దరం కావాలి, ఒకరు పట్టుకుంటే ఒకరు చెవి గుచ్చాలి. ఒక నోటుబుక్కులో టైము, అంకె రాసి, సూది వేశాక టిక్కు పెట్టేవాళ్లం. రెండు నెలలు తిరిగేసరికి అంకెలు దిగాయి. వెనక కాళ్లు లేచాయి. ఒక ఆదివారం అది ఒక్క దూకుతో కుట్టుమిషను మీదికెక్కి కూర్చుంటే ఇద్దరం చప్పట్లు కొట్టాం. పద్నాలుగేళ్లలో మేమిద్దరం కలిసి బాగా చేసిన పని అదొక్కటే అని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత కోయిలకుంట్లలో మా ఆడబిడ్డ కొడుకు నిశ్చితార్థానికి పోయాం. సాయంత్రం సూది టైముకు ఇల్లు చేరాలని నాలుగింటికే లేచాం. వదిన వాకిట్లో నిలబడి, వచ్చినవాళ్లందరికీ వినపడేలా అంది:

"ఉండండప్పా అంటే ఉండరు. ఇంట్లో పిల్లికి సూదెయ్యల్లంట. కడుపున ఒక బిడ్డ పుట్టింటే ఈ తిప్పలు ఏంటికి?"

అందరూ నవ్వారు. నేను బావ ముఖంలోకి చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు.

బస్సులో కూర్చున్నాక అడిగాను. "నువ్వెందుకు నవ్వినావ్?"

"అందరి ముందర ఏడ్వమంటావా ఏంది?"

అంతే. ఆ తర్వాత తొమ్మిది రోజులు మా ఇద్దరి మధ్య మాట లేదు. అన్నం వండి గిన్నెలు బల్ల మీద పెట్టేదాన్ని. ఆయన తిని, కంచం కడిగి బోర్లించి పోయేవాడు. మాట్లాడుకోనివాళ్లు ఒకరు పట్టుకుని ఒకరు గుచ్చడం ఎలా? షుగరు కొలవడం ఆగిపోయింది. సూదులు మాత్రం ఎవరి పూట వాళ్లం వేస్తూ, నోటుబుక్కులో టిక్కు పెడుతూ వచ్చాం. ఆ తొమ్మిది రోజులూ మా మాటలన్నీ ఆ టిక్కులే.

పదో రోజు పొద్దున నాకు పరీక్షల డ్యూటీ. తొందరగా లేచాను. బావ ఇంకా పడుకునే ఉన్నాడు. పిల్లి ఆకలికి కాళ్లకు చుట్టుకుంటూ అరుస్తోంది. మాంసం పెట్టాను. అది తింటుండగా ఫ్రిజ్జులోంచి ఇన్సులిన్ తీసి, ఆయన వంతు సూది నేనే వేశాను. ఆయన లేకపోయినా నాకు జరుగుతుందని నాకు నేను చెప్పుకోవడానికే వేశానేమో. పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాను. రాస్తే ఆయనకు చెప్పినట్టే అవుతుందనిపించింది. నేనెందుకు చెప్పాలి? పెన్ను పెట్టేసి బడికి వెళ్లిపోయాను.

పదిన్నరకు ఫోను మోగింది. పక్కింటి పెద్దమ్మ. ఒక క్రైస్తవ మిషన్ స్కూల్లో ఆయాగా చేసి మానుకున్న మనిషి. మా ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం పిల్లికి తిండి పెట్టేది ఆమే. ఆ రోజు దాని అరుపు విని ముందే తలుపు తీసిందట.

"బిడ్డా, బేగా రా. నీ పిల్లి తాగినోని మాదిరి తూలుతాంది. గోడకు గుద్దుకుంటాంది."

హెడ్మాస్టరుకు చెప్పి, ఆటో పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. పిల్లి వంటింట్లో పక్కకు పడిపోయి ఉంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. పెద్దమ్మ పట్టుకుంటే నేను చెవి గుచ్చాను. మిషన్లో అంకె రాలేదు. షుగరు కొలవలేనంత కిందికి పోయిందని మాత్రం చూపించింది. చక్కెర నీళ్లలో వేలు ముంచి దాని చిగుళ్లకు రుద్దుతూ, రెండో చేత్తో బావకు ఫోను చేశాను. తొమ్మిది రోజుల తర్వాత నా మొదటి మాట అది.

"పొద్దున సూదేసినావా?"

"ఏసినా. బుక్కులో టిక్కు లేదు గదా. ఏం?"

"నేనూ ఏసినా."

అవతల ఆయన ఎవరితోనో సెలవు చెప్పడం వినిపించింది. తర్వాత, "పట్టుకొని రా. నేను డాక్టరు తాన ఉంటా," అన్నాడు.

పెద్దమ్మ ఆటోవాణ్ని నంద్యాల దాకా ఒప్పించింది. దారి పొడుగునా దాని నోట్లో చక్కెర నీళ్లు రుద్దుతూనే ఉన్నాను. శనగచేలు, లారీలు, ధాబాలు అన్నీ దాటుతున్నాం గానీ నంద్యాల రావడం లేదు. డాక్టరు గేటు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. తువ్వాలుతో సహా పిల్లిని నా ఒళ్లోంచి తీసుకుని లోపలికి పరుగెత్తాడు.

గ్లూకోజు ఎక్కించారు. ఫిట్స్ ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. దాని షుగరు అప్పటికే బాగా అదుపులోకి వచ్చి ఉంటుందనీ, కొలుస్తూ ఉంటే మోతాదు తగ్గించేవాణ్ననీ డాక్టరు చెప్పాడు. అలాంటి ఒంటికి రెండు సూదులు పడ్డాయి. ఆయన మమ్మల్ని తప్పుపట్టలేదు. అర్థం కాకే అడిగాడు.

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా?"

"అవును," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆ రోజంతా అది కళ్లు తెరిచే ఉంది గానీ దేన్నీ చూడలేదు. చెయ్యి ఊపినా రెప్ప పడలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయింది. బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. బావ అన్నాడు.

"తప్పు నాదే. బస్సుకు టైమైతాందని దాన్ని సరిగ్గా చూడలేదు. పెట్టిన తిండిలో రెండు ముక్కలు కూడా తినలేదు. అప్పుడన్నా అనుమానం రాకపాయె." ఆగి, నావైపు తిరిగాడు. "నువ్వు ఎందుకు రాయలేదు?"

"మర్చిపోయినా," అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలే. పరీక్షల హడావుడి. ఎవరైనా మర్చిపోతారు."

ఆ చెయ్యి తీసేయమని అరవాలనిపించింది. అరవలేదు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాలేదు. వచ్చినా నేను చెప్పేదాన్ని కాదేమో. నవ్వినందుకు ఆయన మీద నాకున్న కోపం కూడా ఆ బెంచీ మీదే చేయి జారిపోయింది. ఇప్పుడు దాన్ని బయటికి తీసే హక్కు నాకు లేదు.

పిల్లిని ఇంటికి తెచ్చి పెరట్లో పూడ్చాం. పెద్దమ్మ కొంగు తల మీదికి లాక్కుని చిన్న ప్రార్థన చేసింది. ఆ రోజు నుంచి మేము మాట్లాడుకుంటూనే ఉన్నాం. గ్యాసు గురించి, కరెంటు గురించి, ఎవరింటికి ఎప్పుడు పోవాలనే దాని గురించి. గట్టిగా పోట్లాడుకోవడం మాత్రం మానేశాం. చూసేవాళ్లకు సర్దుకున్నట్టే ఉంటుంది.

పోయిన నెల బావ ఒక అట్టపెట్టెతో దిగాడు. లోపల బూడిదరంగు పిల్లికూన. గోడౌన్లో మూటల మధ్య దొరికిందట. తల్లి లేదట. పెట్టె నా ముందు పెట్టి, చిన్నపిల్లాడిలా నా ముఖంలోకి చూశాడు.

"వద్దు," అన్నాను.

"మన దాన్ని ఇంకా మర్చిపోలేకుండావు గదా," అన్నాడు మెల్లగా. "సరే. యాడ వదలమంటావు దీన్ని?"

"యాడ నుంచి తెచ్చినావో ఆడనే."

ఇంకో మాట అడగలేదు. కాళ్లు కూడా కడుక్కోకుండా పెట్టె చంకన పెట్టుకుని, నంద్యాల బస్సు కోసం మళ్లీ రోడ్డు మీదికి నడిచాడు.