పెద్దమ్మ కాపాడిన దేశీ గులాబీ

పటేల్‌గూడలో మా పక్కింటి పెద్దమ్మ కన్నుమూసి రెండు వారాలైంది. నిద్రలోనే వెళ్లిపోయింది. ముందురోజు సాయంత్రం కూడా పిట్టగోడ మీది నుంచి నన్ను మందలించింది: "గన్ని నీళ్లు పోస్తే ఏర్లు కుళ్లిపోతయి బిడ్డా!" నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతానన్న సంగతి ఆవిడ ఎన్నడూ లెక్క చేయలేదు.

మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చినవాళ్లం మేము. ఆవిడ ఇక్కడి రైతు ఇంటి మనిషి.

రెండేళ్ల క్రితం సంగారెడ్డిలో ఓ పాత యునానీ దవాఖానాను బాగుచేస్తూ, దాని పెరట్లో ఆ కాలపు మందుమొక్కలే పెంచాలనుకున్నారు. ఎంపిక నాకు అప్పగించారు. నర్సరీలో పుదీనా, సబ్జా, గులాబీ కొని పెద్దమ్మకు చూపించాను. అన్నీ వాసన చూసింది. మొదటి రెండూ పాసయ్యాయి. గులాబీ దగ్గర ముక్కు చిట్లించింది.

"ఏంది గిది, కాయితం పువ్వా? దవాఖానల హకీంసాబు గుల్కందు మందు దీనితోని చేసిండా?"

"పువ్వు పెద్దది కదా పెద్దమ్మా!"

"పెద్దగుంటే మందయితదా? అసలుది మా బాయికాడ ఉండె. నడువు."

ఆ బావి ఉన్న పొలం అమ్మేసి చాలా కాలమైంది. మేము ట్రాలీ ఆటోలో వెళ్లేసరికి జేసీబీ నేల చదును చేస్తోంది. పూడ్చిన బావి పక్కన ఒక్క ముళ్లపొద మిగిలింది, నిండా చిట్టిపూలతో. పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి, వెళ్లి జేసీబీ ముందు కూర్చుంది. బిహారీ డ్రైవర్ దిగివచ్చి, లెమ్మని హిందీలో బతిమాలాడు. ఆవిడ ఓ పువ్వు తెంపి అతని చేతిలో పెట్టింది.

"పైలే సూంగ్ కే దేఖో బేటా."

అతను వాసన చూశాడు. మళ్లీ చూశాడు. నవ్వుతూ తిరిగి జేసీబీ ఎక్కి, పొద చుట్టూ లోతుగా తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి మా ఆటోలో దించాడు. సంగారెడ్డి దాకా పెద్దమ్మ దాని పక్కనే నిలబడి, గాలి తగలకుండా కొంగు అడ్డం పట్టింది.

దవాఖానా పెరట్లో నాటిన వారానికే ఆకులన్నీ రాలాయి. నెల దాటినా చిగురు లేదు. నేను ఆశ వదులుకున్నాను.

"ఊకె కెలికి సూడకు. ఇల్లు మారినంక మనకు మాత్రం జల్దీ ఆకలైతదా?" అంది పెద్దమ్మ.

తర్వాతి వారం ఎర్రటి చిగురు కనిపించింది. ఫోన్‌లో చెబితే, "నాకెర్కనే" అని పెట్టేసింది.

మొన్న దినాల రోజు భోజనాలయ్యాక, ఆవిడ కోడలు వచ్చిన ఆడవాళ్లందరికీ, దవాఖానా పొద నుంచి కోసి తెచ్చి తడిగుడ్డ చుట్టిన గులాబీ కొమ్మ ఒక్కొక్కటి ఇచ్చింది. "అందరికీ నాటుకోను ఇయ్యమని అత్తమ్మ ముందే చెప్పిపెట్టింది" అంది. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన చుట్టాలు, ముళ్లు గుచ్చుకుంటాయని ఒకరినొకరు హెచ్చరించుకుంటూ, నవ్వుతూ ఆటో ఎక్కారు. అది మలుపు తిరిగేదాకా రెండు పక్కలా కొమ్మలు బయటికి ఊగుతూ కనిపించాయి.