మా అత్తయ్య తోట రిహార్సల్

మా మేనత్త ఏ పనీ నేరుగా చేయదు. ముందు ఉత్తుత్తిగా ఒకసారి చేసి చూస్తుంది. అది కుదిరాకే అసలుది. ముప్పై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. "డాక్టరు కత్తెర అడిగాక వెతుక్కుంటే రోగి ఆగుతాడట్రా?" అన్నది ఆవిడ సిద్ధాంతం. దాన్ని ఆస్పత్రిలోనే వదిలేసి వచ్చి ఉంటే మా ఇంటిల్లిపాదీ సుఖపడేవాళ్లం.

నేను దర్జీ దుకాణం తెరవబోయే ముందురోజు ఆవిడే గిరాకీగా వచ్చింది. లేని గుడ్డకి బేరమాడి, లేని చొక్కా చంకల కింద బిగుతైందని నా మీద విరుచుకుపడి, "రేపు కనుక్కుంటా నీ సంగతి" అని వెళ్లిపోయింది. మర్నాడు నిజంగా వచ్చిన మొదటి మనిషి అచ్చం అలాగే విరుచుకుపడ్డాడు. నేను తొణకలేదు. ఆ పుణ్యం అత్తయ్యదేనని మాత్రం ఈరోజుకీ ఒప్పుకోలేదు. ఒప్పుకోవడమనేది నా ఒంట్లో లేదు.

ఒప్పుకోనివి ఇంకా ఉన్నాయి. ఊరందరి నడుములూ నిక్కచ్చిగా కొలిచే నేను, నా నడుము దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టి కొలుచుకుంటాను. దుకాణానికి పన్నెండు మెట్లు. కొన్నాళ్లుగా ఆరో మెట్టు మీద ఆయాసం వచ్చి ఆగిపోతున్నాను. ఆగానని ఎవరూ అనుకోకుండా జేబులో తాళంచెవి వెతుకుతున్నట్టు నటిస్తాను. తాళంచెవి చేతిలోనే ఉంటుంది.

ఇలా ఉండగా మా ఎనిమిదేళ్ల కూతురూ, ఐదేళ్ల కొడుకూ పెద్దతోటకి తీసుకెళ్లమని ప్రాణం తీశారు.

"ఆదివారం వెళ్దాం. వెళ్తాం, చూస్తాం, వస్తాం. అంతేగా!" అన్నాను.

"అంతేనా?" అంది అత్తయ్య, నేను రోగి కడుపులో కత్తెర మరిచిపోయినట్టు చూస్తూ. "ముందు ఒక్కసారి చేసి చూద్దాం."

శనివారం భోజనాలయ్యాక మా ముందుగది తోటగా మారింది. వంటింటి గుమ్మం గేటు. సోఫా చెరువు. బీరువా పేరు తెలియని మహావృక్షం. నేను టికెట్లిచ్చేవాణ్ణి.

"పిల్లలకి సగం టికెట్టా?" అడిగింది అత్తయ్య.

"ఉత్తినే వెళ్లొచ్చు."

"ఎన్నేళ్ల వరకు?"

"నాకేం తెలుసు అత్తా!"

"టికెట్లిచ్చేవాడివి, నీకు తెలియకపోతే ఎలా? నిన్ను పనిలోంచి తీసేశాను. పక్కకి జరుగు." మా అమ్మాయికి ఉద్యోగం ఇచ్చింది. అది నాకంటే బాగా కసురుకుంది.

"ఇప్పుడొకరు తప్పిపోవాలి" అంది అత్తయ్య.

పిల్లలిద్దరూ చేతులెత్తారు. ఆవిడ నన్ను ఎంచుకుంది. "పిల్లలు తప్పిపోతే ఏడుస్తారు, దొరుకుతారు. వీడు దారి తెలిసినట్టే నడుస్తాడు. వీడితోనే కష్టం."

పావుగంట స్నానాల గది తలుపు వెనక నిలబడ్డాను. ఒక్కరూ రాలేదు. విసుగొచ్చి బయటికొస్తే అందరూ చెరువు మీద కూర్చుని అరటిపళ్లు తింటున్నారు.

"దొరికారా?" అంది మా ఆవిడ.

"వెతికితేగా దొరకడానికి!"

"ఆకలేస్తే నువ్వే వస్తావని మామ్మ చెప్పింది" అన్నాడు మావాడు.

అక్కడితో అయిందా? గదిలో నాలుగేసి అడుగులకి ఒక స్టూలు వేసింది. అవి బెంచీలట. "నా మోకాళ్లు ఓర్చుకోవురా. ప్రతి బెంచీ దగ్గరా ఆగాలి. తోడుగా నువ్వు కూర్చోవాలి. ఏదీ, కూర్చో."

కూర్చున్నాను. లేచాను. కూర్చున్నాను. "ఈవిడతో వెళ్తే చెరువు చేరేసరికి మనవాడికి మీసాలొస్తాయి" అన్నాను మా ఆవిడ చెవిలో.

"పెద్దావిడ. కాస్త ఓపిక పట్టండి" అని తల తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికని అప్పుడు తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే తోటకి చేరాం. ముందు గేటు వదిలేసి, అత్తయ్య మమ్మల్ని పక్క గేటు నుంచి తీసుకెళ్లింది. మెట్లు లేవు, ఎత్తుపల్లాలు లేవు, దారంతా నీడ. మలుపు మలుపుకీ బెంచీ. ప్రతి బెంచీ దగ్గరా "అబ్బా, మోకాళ్లు" అని ఆవిడ కూలబడడం, పక్కనే నేను త్యాగమూర్తిలా కూర్చోవడం. "పెద్దవాళ్లతో వచ్చినప్పుడు మనమే సర్దుకోవాలి" అని పిల్లలకి నీతి కూడా బోధించాను. బోధించడానికి ఊపిరందక రెండు విడతలుగా బోధించాను.

ఐదో బెంచీ దగ్గర పైపుతో మొక్కలు తడుపుతున్న తోటమాలి అత్తయ్యని చూసి నవ్వాడు. "ఏంటమ్మా, ఇవాళ ఇంత నెమ్మదిగా? మొన్న మూడు చుట్లు తిరిగారు, మీ వెనక నేను పరిగెత్తలేకపోయాను!"

అత్తయ్య కళ్లతో సైగ చేసింది. అతను దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని నా వైపు తిరిగాడు. "మెట్లు లేని దారి అడిగారే, ఆయాసం మనిషి ఈ బాబేనా అమ్మా?"

నేను జేబులో తాళంచెవి వెతకడం మొదలుపెట్టాను.

"ఆయాసం ఎవరికి?" అంది మా అమ్మాయి.

"నాకేనే తల్లీ" అంది అత్తయ్య ఠక్కున.

పిల్లల ముందు నా పరువు నిలపడానికి పాపం ఐదు బెంచీల నుంచి కుంటుతోంది. ఇంకో అబద్ధం ఆవిడ చేత ఆడించడానికి నాకే సిగ్గేసింది.

"కాదు, నాకే" అన్నాను. "మామ్మ మోకాళ్లు ఉక్కు ముక్కలు."

"హమ్మయ్య!" అంది మా ఆవిడ.

"నీకెలా తెలుసత్తా?" అన్నాను.

"ముప్పై ఏళ్లు జనం ఊపిరే విన్నానురా. నీది పక్కగదిలోంచి వినబడుతోంది. రేపు పదింటికి డాక్టరు రమ్మన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేస్తావు? ఆయాసం లేదని చూపించడానికి ఇంకో పది మెట్లు పరిగెత్తి ఎక్కుతావు."

నిజమే. ఎక్కేవాణ్ణే.

అత్తయ్య చటుక్కున లేచింది. "ఒప్పుకున్నావుగా, ఇక నేను కూర్చోనక్కర్లేదు. కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది." కళ్లజోడు నా చేతిలో పెట్టి, సంచీ నా ఒళ్లో పడేసి, చెప్పులు నా కాళ్ల దగ్గర విడిచి, పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఉయ్యాలల వైపు పరుగు తీసింది. వాళ్లను అందుకోవడం మా ఆవిడకే గగనమైంది.

"బాబూ, కాస్త కాళ్లు పైకెత్తండి, ఇక్కడ తడపాలి" అన్నాడు తోటమాలి.

ఎత్తాను. ఆ మాత్రం పని ఆయాసపడకుండానే చేయగలిగాను.