వెచ్చని నేల

ఘుగ్గుస్ దగ్గరి ఒక బొగ్గుగని కాలనీలో మేనేజరు బంగ్లాకు గట్టయ్య తోటమాలి. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పొద్దున్నే తడిగుడ్డతో ఆకుల మీది బొగ్గుదుమ్ము తుడిచేవాడు. ఆ దుమ్ముకు గులాబీలు చచ్చిపోతుంటే, నాగపూరు నుంచి ఆఫ్రికా చామంతులు ఆరు రకాలు తెప్పించి రెండు ఎండాకాలాలు పెంచి చూశాడు. నారింజరంగుది ఒక్కటే తట్టుకుంది. దాని విత్తనాలే తీసి తోటంతా వేశాడు. "ఇది మొండిది, మన గనోళ్ల లెక్క," అనేవాడు. రాష్ట్రాలను కొత్తగా విడదీసిన ఏడాది, 1956 చలికాలంలో, ప్రహరీ పక్కనున్న వరుస ఉన్నట్టుండి మాడిపోయింది. నీళ్లు పోస్తే ఆవిరి లేచింది. గట్టయ్య మట్టిలో అరచెయ్యి పెట్టి, చురుక్కుమంటే లాక్కున్నాడు. ప్రహరీకి అవతలే కూలీల ఇళ్లు.

"దొరా, కింద బొగ్గు అంటుకున్నది. కూలోళ్ల ఇండ్లు ఖాళీ చేయించుండ్రి," అని మేనేజరుకు చెప్పాడు. జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది కాబట్టి ఎవరికి రాయాలో తేలాక చూద్దామని, అందాకా నోరు మెదపొద్దని ఆయన అన్నాడు. మర్నాడు పొద్దున మేనేజరు భార్య పెట్టెలతో సహా బండెక్కింది. అది చూసి గట్టయ్య నేరుగా కూలీల ఇళ్లలో మొదటిదానికి పోయి తలుపు తట్టాడు.

ఆ ఇంటి సమ్మక్క నవ్వుతూ తీసింది. "ఈ యాడాది ఇల్లు మస్తు వెచ్చగున్నదన్నా. పోరగాళ్లు చాప గూడ అడుగుతలేరు, నేల మీదనే పంటున్నరు."

గట్టయ్య ఆమెను దాటి లోపలికి పోయి, నేల మీద నిద్రపోతున్న చంటిదాన్ని ఎత్తుకున్నాడు.